హెచ్.డి. వీడియో డిస్కుకెక్కేటప్పుడు ఏం జరుగుతుంది?

పెళ్ళిలో హై డెఫినిషన్ క్యామ్‌కార్డర్‌తో తీసిన వీడియోను, ఆ క్యామ్‌కార్డర్‌నే టీవీకి కలిపి చూడండి. పట్టుచీర జరీ అంచు పోగు పోగునా కనిపిస్తుంది. అదే వీడియోను డీవీడీగా మార్చి చూస్తే అంచు మినుకుమినుకుమంటుంది. ముఖాలు మసక అద్దంలోంచి చూసినట్లుంటాయి. ఎవరైనా చెయ్యి ఊపితే దాని వెంట నీడలాంటిది కదులుతుంది. దీనికి చాలామంది డిస్కును తప్పుపడతారు. నిజానికి డిస్కు తనకిచ్చిన బిట్లను ఉన్నవున్నట్లే దాచుకుంటుంది. చిత్రం చెడేది అంతకుముందే, కంప్యూటర్‌లో మార్పిడి జరిగేటప్పుడు!

ముందు చిన్న లెక్క చూద్దాం. పూర్తి హెచ్.డి. చిత్రంలో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్ళు, అంటే చిత్రబిందువులు ఉంటాయి. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి డీవీడీలో ఇవి 720, 576. గుణించి చూస్తే మొదటిది 20,73,600, రెండవది 4,14,720. సరిగ్గా అయిదో వంతు. కాబట్టి నాలుగు వంతుల బిందువులు పోక తప్పదు. కానీ కొనుక్కున్న సినిమా డీవీడీలోనూ ఉండేవి ఈ 4,14,720 బిందువులే కదా! అది కంటికింపుగా ఉన్నప్పుడు మనది ఎందుకు ఉండదు?

అసలు చిక్కు ఇక్కడుంది. చాలా క్యామ్‌కార్డర్లు సెకనుకు 25 చిత్రాలు తీస్తాయి. అయితే ఒక్కో చిత్రాన్ని ఒకేసారి తీయవు. మొదట 1, 3, 5 ఇలా బేసి గీతలను, సెకనులో 50వ వంతు కాలం తర్వాత 2, 4, 6 ఇలా సరి గీతలను నమోదు చేస్తాయి. ఈ సగాలను ఫీల్డులు అంటారు. ఆ కాస్త వ్యవధిలో ఊగుతున్న చెయ్యి కొంత జరిగిపోతుంది. అంటే ఒకే చిత్రంలో రెండు వేర్వేరు క్షణాలు దువ్వెన పళ్ళలా ఒకదాని సందులో ఒకటి ఇమిడి ఉన్నాయన్నమాట. ఇది గమనించని సాఫ్ట్‌వేర్ 1080 గీతలను నేరుగా 576కి కుదిస్తే రెండు క్షణాలూ కలగాపులగమవుతాయి. చేతి వెంట కనిపించే నీడ అదే.

సరైన పద్ధతి వేరు. ముందుగా ఫీల్డులను విడదీసి, మధ్యలో లేని గీతలను అంచనాతో పూరించి, సెకనుకు 50 పూర్తి చిత్రాలు తయారు చేయాలి. వాటిని ఒక్కొక్కటిగా కుదించి, ఆ తర్వాత మళ్ళీ బేసి, సరి గీతలుగా అల్లాలి. ఇందులో ఫీల్డులను పూర్తి చిత్రాలుగా మార్చే మొదటి దశను డీ-ఇంటర్లేసింగ్ అంటారు. మంచి సాఫ్ట్‌వేర్‌లో ఒక గంట వీడియోకు ఇది గంటల తరబడి నడవవచ్చు. ఓపిక పట్టవలసిందే. అల్లేటప్పుడు ఏ ఫీల్డు ముందో తారుమారైతే ఇంకో వింత చూస్తారు: కాలం 2, 1, 4, 3 క్రమంలో నడిచి, నడిచే మనిషి వణుకుతూ కనిపిస్తాడు. జరీ అంచు మినుకుకూ కారణం ఈ అల్లికే. సన్నని అడ్డగీత ఒక ఫీల్డులో పడి, రెండో దానిలో పడకపోతే అది వెలిగి ఆరుతుంది. కుదించేటప్పుడు నిలువు దిశలో కొద్దిగా మెత్తబరిస్తే ఇది తగ్గుతుంది.

ఇక బిట్ల సంగతి. డీవీడీలో పట్టేది 470 కోట్ల బైట్లు, అంటే 3,760 కోట్ల బిట్లు. (కంప్యూటర్ దీన్నే 4.37 జీబీ అంటుంది. అది వెయ్యికి బదులు 1,024తో లెక్కిస్తుంది, మోసమేమీ లేదు.) రెండు గంటల వీడియోకు సెకనుకు 52 లక్షల బిట్లు దక్కుతాయి, అందులో ధ్వనికీ వాటా ఉంది. మూడు గంటలు కుక్కితే 35 లక్షలే. గంటకు పరిమితమైతే 80 లక్షలు ధారాళంగా ఇవ్వవచ్చు. డీవీడీ ప్రమాణం ప్రకారం చిత్రానికి గరిష్ఠ హద్దు 98 లక్షలు.

డీవీడీలో చిత్రాన్ని కుదించే ఎంపెగ్-2 పద్ధతి ప్రతి చిత్రాన్నీ పూర్తిగా రాయదు. సుమారు అర సెకనుకొకటి పూర్తిగా రాసి, మధ్యవాటిలో మార్పులను మాత్రమే రాస్తుంది. పురోహితుడు కూర్చుని మంత్రాలు చదువుతుంటే మారేది తక్కువ. తలంబ్రాల ఘట్టం రాగానే ప్రతి బియ్యపు గింజా తన దారిన తాను ఎగురుతుంది! అప్పుడు బిట్లు చాలక చిత్రం చిన్న చిన్న చదరాలుగా విడిపోతుంది. అందుకే రెండు విడతల ఎన్‌కోడింగ్ ఎంచుకోండి. మొదటి విడతలో సాఫ్ట్‌వేర్ వీడియో అంతటినీ పరిశీలించి, రెండవ విడతలో మంత్రాల దగ్గర మిగిల్చిన బిట్లను తలంబ్రాలకు ఖర్చు చేస్తుంది.

రంగులదీ ఒక మాట. రంగులను అంకెలుగా మార్చే సూత్రం హెచ్.డి.లో ఒకటి, డీవీడీలో మరొకటి. సాఫ్ట్‌వేర్ ఆ సర్దుబాటు చేయకపోతే ఎరుపు, ఆకుపచ్చ కాస్త దారి తప్పుతాయి.

బ్లూ-రే డిస్కులో ఈ బాధలు చాలావరకు ఉండవు. డీవీడీని చదివే ఎర్ర లేజర్ తరంగదైర్ఘ్యం 650 నానోమీటర్లు, బ్లూ-రేది 405. కిరణం మరింత సన్నని చుక్కగా కేంద్రీకృతమవుతుంది కనుక గాడుల మధ్య దూరం 0.74 నుంచి 0.32 మైక్రోమీటర్లకు తగ్గింది. ఒక పొరలో 25 జీబీ పడుతుంది. సోనీ, పానాసోనిక్ 2006లో ప్రకటించిన ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో సెకనుకు 2 కోట్ల 40 లక్షల బిట్లతో తీసిన వీడియో రెండు గంటలకు పైగా, ఏ మార్పూ లేకుండా ఇందులోకి ఎక్కుతుంది. 2011లో ఈ పద్ధతికి చేర్చిన, సెకనుకు 50 పూర్తి చిత్రాల రకానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. బ్లూ-రే ప్రమాణంలో దానికి చోటులేదు కనుక మార్చక తప్పదు.

క్యామ్‌కార్డర్ వీడియో కూడా అప్పటికే కుదించినదే. మార్చిన ప్రతిసారీ మరికొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. కత్తిరింపులన్నీ అసలు ఫైలు మీదే చేసి, చివర ఒక్కసారే డిస్కు కోసం మార్చండి. డీవీడీ తయారైంది కదా అని అసలు ఫైళ్ళను చెరిపేయకండి. దాని నుంచి హెచ్.డి. మళ్ళీ పుట్టదు.

హెచ్‌డీవీ టేపులు ఇంట్లో ఉన్నవారికి వ్యవధి తక్కువ. సోనీ సంస్థ 2025 ఫిబ్రవరితో రికార్డు చేసుకునే బ్లూ-రే డిస్కుల, మినీ డీవీ క్యాసెట్ల తయారీని ఆపేసింది. టేపును చదివే క్యామ్‌కార్డర్, దాన్ని కలిపే ఫైర్‌వైర్ సాకెట్ ఉన్న కంప్యూటర్ రెండూ పనిచేస్తున్నప్పుడే వీడియోను దించుకోవాలి. గంట టేపుకు పట్టేది గంట కాలం, హార్డ్ డిస్కులో సుమారు 11 జీబీ చోటు.