కథానాయకుడికి ఎన్నేళ్లు?

పుట్టపర్తి బస్టాండులో బెంగళూరు బస్సు కోసం కాచుకున్నప్పుడు పక్కనున్న పెద్దాయనను వయసెంతని అడిగాను. "ఆధారులో ఉండేది ఇస్కూలు అయివారు ఏసిన తేదీ నాయనా. గంజికేంద్రాలు పెట్టిన కరువులో నేను చంకబిడ్డనంట, మాయమ్మ చెప్పేది" అన్నాడు. అది 1952 నాటి కరువు. అంటే ఆయనకు డెబ్బై దాటాయి.

కథలో మనిషికీ వయసంటే అతను చూసిన కాలమే. కానీ కొత్తగా కథలు రాసేవాళ్లు చాలామంది నాయకుడికి తమ వయసే ఇచ్చేస్తారు. నేనూ ఇచ్చాను. నాలుగో బోరు వేయించాలా వద్దా అని తల్లడిల్లే కుటుంబం మీద కథ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే నేల మాది. ఆ కథలో నాయకుడు బెంగళూరులో చదువుకునే 22 ఏళ్ల కొడుకు. ఫోన్లలో బాధపడడం తప్ప అతను చేసేదేమీ లేకపోయింది.

అదే కథ 74 ఏళ్ల తాత చేతికిస్తే? చిత్రావతి ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడినవాడు, ఊరంతా శెనక్కాయ కాకముందు కొర్ర, సజ్జ తిన్నవాడు. అన్నీ తెలుసు, కానీ పొలం కొడుకు పేరు మీద ఉంది. ఆయనది మాట చెల్లని మనిషి కథ. 45 ఏళ్ల రైతుకిస్తే అప్పుకాగితం మీద సంతకం అతనిదే, రేపు వడ్డీ కట్టేదీ అతనే. పదేళ్ల పిల్ల చెబితే మరో కథ. నీళ్లు చూసేవాడి అరచేతిలో టెంకాయ లేచి నిలబడడం ఆ పిల్ల చూస్తుంది. చాన్నాళ్లకు నాయన నవ్వడం చూస్తుంది. అమ్మ చెవులకు కమ్మలు లేకపోవడమూ చూస్తుంది గానీ, ఎందుకు లేవో అడగదు. ఆ అడగని చోటే పాఠకుడి గుండె పట్టుకుంటుంది.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' (1964) చదివినప్పుడల్లా వయసే కథను నడుపుతుందని నాకు తోస్తుంది. అందులో అప్పల్రాముడి వయసంతా తీరని అప్పు కింద నలిగిపోయింది. కత్తి పట్టింది మాత్రం అతని కొడుకు సీతారాముడు. తండ్రి బతుకు కళ్లారా చూశాడు, తన కొడుకు ముందు నూరేళ్లూ ఉన్నాయి. ఆ రెంటి నడుమ నిలబడ్డ వయసు కాబట్టే కన్నకొడుకునే నరికిన ఆ ఘోరం అతని చేతిమీదుగా జరిగింది.

నా కథను 45 ఏళ్ల రైతుకిచ్చి మళ్లీ రాశాను. అప్పుడు అతని భార్య దగ్గర చిక్కుపడ్డాను. ఆమెకు 30 అని పెట్టి, పెళ్లయి వచ్చిన కొత్తలో తాగునీళ్లకు మైలు దూరం బిందె మోసినట్టు రాశాను. కానీ సత్యసాయి తాగునీటి పథకం 1990ల నడుమే వందల పల్లెలకు కుళాయిలు తెచ్చింది. అప్పటికి ఆమె ఉయ్యాల్లో ఉంటుంది. ఆ బిందె నాకు వదలబుద్ధి కాలేదు. ఆమెకు ఇంకో పదమూడేళ్లు కలిపి, కాపురానికి రాకముందు పుట్టింటి బావి దగ్గర ఆ బిందె ఆమె చంకకెత్తాను.