గ్లూ గన్ను: కొనుట, వాడుట



కొడవలికి పిడి వదులైనప్పుడు పూర్వము మనవారేమి చేసెడివారో మీకు జ్ఞాపకముండును. పిడిరంధ్రములో లక్కపొడి నింపి, కొడవలి తోకను నిప్పులలో కాల్చి, అందులోనికి దించెడివారు. లక్క కరగి, చల్లారి, రాయివలె బిగిసికొనెడిది. కంసాలి బోలునగలలో లక్క పోయుటయు, గాజులవారు కుంపటిపై లక్కను మెత్తబఱచి గాజులు చేయుటయు నీ గుణము వలననే. వేడికి కరగును, చల్లారిన గట్టిపడును.

నేడు గోదావరిఖని బజారులో గ్లూ గన్ను అను పేర దొరకు పనిముట్టు ఈ లక్కపనికి తమ్ముని వంటిది. పిస్తోలు ఆకారము చూచి జడియనక్కఱలేదు. వెనుకనుండి ఒక జిగురుకడ్డీని దూర్చి, తీగను ప్లగ్గులో పెట్టినచో, లోపలి విద్యుత్తు వేడికి మూడు నాలుగు నిమిషములలో కడ్డీ కరగును. మీట నొక్కినకొలది ముక్కునుండి జిగురు వెలువడును. ఆ కడ్డీ ఇథిలీన్ వినైల్ అసిటేట్ అను ప్లాస్టిక్కు. లక్కవలె పురుగులు మోదుగ, రేగు కొమ్మలపై పెట్టినది గాదు.

కొనునప్పుడు కడ్డీ లావును, వాట్లను చూడవలెను. 7 మిల్లీమీటర్ల కడ్డీ పట్టు 20 వాట్ల గన్ను పిల్లల బడిపనులకు, పూసలకు, అట్టలకు చాలును. కఱ్ఱపనికి 11 మిల్లీమీటర్ల కడ్డీతో 60 మొదలు 100 వాట్ల వఱకు గలది మేలు. క్రింద నిలుపుటకు తీగకాలు లేనిదానిని నేనైతే కొనను. ప్రక్కకు పరుండబెట్టిన గన్ను బల్లను, బట్టను కాల్చును. తక్కువ వేడి రకములు సుమారు 120 డిగ్రీలకు, ఎక్కువ వేడివి సుమారు 190 డిగ్రీలకు కాగును. థర్మోకోలు అతుకుటకు తక్కువ వేడిదే వాడవలెను. లేనిచో అతుకుటకు బదులు గుంట పడును.

అతుకవలసిన చోట దుమ్ము, నూనె, తడి ఉండరాదు. మన ప్రాంతపు బొగ్గుధూళి కంటికి కనబడకయే వస్తువులపై నిలుచును గనుక ముందు తుడువుడు. నున్నని తలమును గరుకు కాగితముతో రుద్దుడు. జిగురు నొకవైపుననే పెట్టి, అరనిమిషము లోపల రెండవ ముక్కను చేర్చి, నిమిషముసేపు కదలక పట్టుకొనుడు. ఆలసించినచో జిగురు పైనే చల్లారి, పట్టు చాలదు. ఇనుము వేడిని తానే లాగికొనును గావున దానిపై ఇది సరిగా నిలువదు. అతుకుటకు ముందు ఇనుమును కొంచెము వెచ్చచేయుట మంచిది. బకెట్ల ప్లాస్టిక్కుకు, గాజుకు దీనిని నమ్మకుడు. కఱ్ఱకు, అట్టకు, బట్టకు, తోలుకు మాత్రము చక్కగా పట్టును.

అయినను కొండపల్లివారు పొనికికఱ్ఱ ముక్కలను అతుకు మక్కు, అనగా చింతగింజలపొడి, రంపపుపొట్టు కలిపిన ముద్ద, దీనికంటె నొక విషయమున మేలైనది: ఆరినపిమ్మట ఎండకు కరగదు. ఇక్కడనే మనము జాగ్రత్తపడవలెను. వారణావతములోని లక్కయింటి కథ మీరెఱుగుదురు. వేడిచే కలిసినది వేడిచేతనే విడును. రామగుండమున మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరుట మనకు క్రొత్తగాదు. ఎండలోనున్న రేకు, మోటారుసైకిలు సీటు అంతకంటె మిక్కిలి కాగును. ఈ జిగురు 60, 70 డిగ్రీలకే మెత్తబడ నారంభించును. రేకుల యింటిలో కప్పుక్రింద నేనతికిన పటము ఒక వేసవి మధ్యాహ్నమున జారిపడి అద్దము పగిలినది. నాటినుండి ఎండ తగులు చోట మేకునే వాడుచున్నాను.

మఱియొక మాట గట్టిగా చెప్పవలసియున్నది. మన యిండ్లలో గనికి పోవు బిడ్డలున్నారు. హెల్మెట్టు చీలినచో దానిని ఈ జిగురుతో అతికి మరల తలపై పెట్టనీయకుడు. బయటికి అతికినట్లు కనబడినను, పైనుండి రాయి పడినప్పుడు ఆ చీలికయే మొదట విడును. క్రొత్తది అడిగి తీసికొనవలెను. క్యాప్ ల్యాంపు తీగ తొడుగు చినిగినచో దానిని ఇంటిలో ముట్టక, ల్యాంపుల గదిలో చూపవలెను. ఈ పనిముట్టును భూగర్భగనిలోనికి కొనిపోవు మాటయే లేదు. బీడీ, అగ్గిపెట్టెకే అక్కడ చోటు లేదు గదా. నిచ్చెనమెట్టు, వృద్ధుల చేతికఱ్ఱ, కుర్చీకాలు వంటి బరువు మోయువానికిని ఇది తగదు.

కరగిన జిగురు చర్మముపై పడినచో అంటుకొని కాల్చుచునే యుండును. పిల్లవాడు ఏడ్చినను దానిని లాగివేయకుడు, చర్మముతోకూడ ఊడివచ్చును. వెంటనే చల్లని నీటిధార క్రింద 20 నిమిషములు పట్టుడు. సిరా, పేస్టు, నూనె పూయవలదు. పొక్కు పెద్దదైనను, కంటి దగ్గఱ పడినను వైద్యునికి చూపుడు. పని చేయునప్పుడు చిన్నపిల్లలను దూరముంచుడు.

పొరపాటున అతికినదానిని విడదీయవలెనన్న, అంచున కొంచెము స్పిరిటు పోసినచో పట్టు సడలును. అపుడు దాపున దీపము గాని పొయ్యి గాని ఉండరాదు. పని ముగిసినపిమ్మట ప్లగ్గు తీసి, చల్లారిన తరువాతనే దాచుడు. మిగిలిన కడ్డీని వెనుకకు లాగకుడు. లోపల కరగిన జిగురు వెనుకకు పాకి గన్ను పాడగును. అది అందులోనే యుండనిచ్చి, మఱుసారి దానితోనే మొదలిడవచ్చును.