నీళ్లతొట్టియు, మారిన దోమయు

మందు చల్లినను దోమలు చచ్చుట లేదని గృహస్థులు వాపోవుట పరిపాటి. మందులో కల్తీ యుండిన ఉండవచ్చును. కాని పెక్కుచోట్ల మారినది మందు కాదు, దోమయే.

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనుగొనెను. తగిన ఆయుధము చేతికి వచ్చుటకు మరి అర్ధశతాబ్ది పట్టినది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము ఆరంభమై, ఇంటిగోడలపై డి.డి.టి. చల్లబడెను. దేశమున ఏటా సుమారు ఏడున్నర కోట్లమందికి సోకుచుండిన ఆ జ్వరము 1965 నాటికి లక్షమందికి పరిమితమయ్యెను. అయితే 1976లో రోగుల సంఖ్య మరల 64 లక్షలు దాటెను. ఇందుకు కారణములు పలు కలవు; దోమలలో వచ్చిన మార్పు వానిలో నొకటి.

దోమ మందునకు అలవాటు పడినదనుట సరికాదు. వేలకొలది దోమలలో ఏ రెండుమూడింటికో విషమును విరుగగొట్టు శక్తి పుట్టుకతోనే యుండును. మందు తక్కినవానిని చంపి వీనికి చోటు కల్పించును. వేసవిలో గ్రుడ్డు దోమ యగుటకు పది దినములు చాలును గనుక, కొలది సంవత్సరములలోనే వీని సంతతి ఊరంతయు నిండును. పంటలపై చల్లిన మందులును కాలువలలో చేరి ఈ పనికే తోడ్పడెను.

డెంగీని వ్యాపింపజేయు ఈడిస్ దోమ కథ ఇంకను పాతది. ఆఫ్రికా అడవులలో దీని పూర్వజాతి చెట్టుతొర్రలలోని వాననీట గ్రుడ్లు పెట్టి, జంతువుల రక్తము త్రాగెడిది. అట్టి దోమలు నేటికిని అచట కలవు. వానలు లేని కాలము దీర్ఘముగా నుండు తావులలో తొర్రలు ఎండిపోగా, నీరు మనుష్యుల కుండలలోనే మిగిలెను. కుండను ఆశ్రయించిన దోమకు మనిషియే సమీపమున నుండెను. మనిషి వాసనను కోరిన దోమలే అచట వర్ధిల్లెను. ఆఫ్రికాలో పలుచోట్ల సేకరించిన గ్రుడ్లపై జరిగి 2020లో ప్రకటింపబడిన పరిశోధన దీనినే బలపరచుచున్నది. మన ఇండ్ల కూలరులలోను, పూలకుండీల పళ్లెములలోను పెరుగుచున్నది ఆ కుండ మరగిన దోమయే.

ఈడిస్ గ్రుడ్లు నీటి అంచున తొట్టి గోడకు అంటుకొని, ఎండినను నెలల తరబడి బ్రతికియుండును. కావున వారమునకొకసారి నీరు పారబోసిన చాలదు. లోపలి గోడను పీచుతో గట్టిగా తోమి, కడిగి, ఆరబెట్టి, నీరు నింపిన వెంటనే సందులేకుండ మూత వేయవలెను.