పండ్రెండు దినముల పండుగ, ఒక్క రేవు

బృహస్పతి సింహరాశిని ప్రవేశించినపుడు గోదావరికి పుష్కరము వచ్చును. పండ్రెండేండ్ల కొకమారు, పండ్రెండు దినములు. 2011 నాటి జనాభా లెక్కల ప్రకారము రాజమహేంద్రవర పట్టణ జనసంఖ్య సుమారు 3 లక్షల 40 వేలు. పుష్కర దినములలో అంతకు అనేక రెట్లు జనము వచ్చి, స్నానము చేసి, పితరులకు పిండప్రదానము గావించి మరలిపోవుదురు. ఇంటికి నలుగురు చుట్టములు వచ్చిననే నీళ్లకును పడకలకును తడుముకొను మనము, ఒక పట్టణము ఇన్ని లక్షల అతిథుల నెట్లు మోయునో ఒకపరి ఆలోచింపవలసియున్నది.

ఇది వట్టి కుతూహలముతో అడుగు ప్రశ్న కాదు. 2015 జూలై 14వ తేదీ ఉదయమున, పుష్కరముల తొలినాడే, రాజమహేంద్రవరమున పుష్కరాల రేవుకడ 27 మంది ప్రాణములు గోల్పోయిరి. పత్రికలు దానిని తొక్కిసలాట యనినవి. ఆ మాట నాకు సమ్మతము కాదు. ఎవరో తొందరపడి ఎవరినో తొక్కినారను భావము దానివలన కలుగును. తప్పు జనము మీదికి పోవును. ఇట్టి సమ్మర్దములలో సాధారణముగ జరుగునది వేరు.

చదరపు మీటరు చోట ఇద్దరు ముగ్గురున్నంతవరకు మనిషి తన యిచ్చ వచ్చినట్లు నడచును. ఆరుగురు ఏడుగురైనచో కాళ్లు ఆతని వశమున నుండవు. జనమంతయు నీటివలె అలలుగా కదలును. వెనుకనున్నవాడు ఒక్క అడుగు ముందుకు వేసిన, ఆ ఒత్తిడి వరుసలు దాటిపోయి ముందున్నవారి రొమ్ములపై పడును. ఊపిరి పీల్చుటకు రొమ్ము విప్పారవలెను గదా! ఆ పాటి చోటు లేక పెక్కుమంది నిలుచున్నవారు నిలుచున్నట్లే ఊపిరాడక మరణింతురు. వెనుకవానికి ముందేమగుచున్నదో తెలియదు. వాడును పుణ్యమునకు వచ్చినవాడే.

క్రీడారంగముల భద్రతకై ఇంగ్లండులో వాడు లెక్క యొకటి కలదు. సమతలమైన దారిలో మీటరు వెడల్పునకు నిమిషమునకు 82 మంది, మెట్లపై 66 మంది మాత్రమే దాటగలరు. అది పొడిమెట్ల లెక్క. తడిసిన మెట్లపై, ఒకచేత మూటయు, మరియొకచేత వృద్ధురాలైన తల్లి చేయియు పట్టుకొని దిగువారు అందులో సగమైనను దాటుదురో లేదో! సరే, 66 అనియే యనుకొందము. పది మీటర్ల మెట్లదారిని గంటకు 40 వేలలోపు మందియే దిగగలరు. ఎక్కువారును ఆ దారినే రావలసినచో దిగువారి సంఖ్య సగమునకు తగ్గును. లక్షమంది ఒక్క గంటలో అచటనే మునుగవలెనన్నచో, ఎంత సమర్థుడైన అధికారియు ఈ లెక్కను మార్చజాలడు.

మరి అందరును ఆ రేవునకే పోవనేల? గోదావరి రైలుస్టేషను దానికి చేరువ. పేరులోనే పుష్కరమున్నది. పైగా, ఇది 144 యేండ్ల కొకసారి వచ్చు మహాపుష్కరమను ప్రచారము 2015లో మిక్కుటముగా జరిగెను. పుష్కరుడు పండ్రెండు దినములును నది పొడవునను నుండునని నమ్ము మనమే ఆయనను ఒక ముహూర్తమునకును ఒక గట్టునకును కట్టివైచితిమి. మైకు ముందు కూర్చుండి ఒకే రేవు వైభవమును వర్ణించు మావంటివారికిని ఇందు పాలు కలదు. ఏ రేవున జనము పలుచగా నున్నదో గంటగంటకు చెప్పుట అంతకన్న మేలు.

అతిథుల తాకిడి యితర దేశములకును కలదు. రాత్రి బస చేయక ఒక పూటకు వచ్చిపోవు యాత్రికులనుండి వెనీసు నగరము 2024లో, రద్దీగల 29 దినములలో, మనిషికి 5 యూరోల రుసుము వసూలుచేసెను. విహారమునకు వచ్చువారియెడ అది చెల్లవచ్చును. తల్లికి పిండము పెట్ట వచ్చినవానిని గోదావరి గట్టున సుంకమడుగుట మనకు పొసగదు. చోటును, వేళను పంచుటయే మనకు తగిన యుపాయము. బస్సులను ఊరి వెలుపల నిలిపి, రేవులోని ఖాళీని బట్టి జనమును విడువవలెను. దిగుదారి వేరు, ఎక్కుదారి వేరుగా నుండవలెను.

పట్టణవాసులు త్రాగునదియు ఆ గోదావరి నీరే యను మాట యాత్రికుడు తరచుగా మరచును. విడిచిన బట్టలు, సబ్బు, ప్లాస్టికు సంచులు, చాలని మరుగుదొడ్లు, ఇవన్నియు అతిథులు వెళ్లిన పిదప ఊరివారి పాలబడును. రేవులకు సున్నము వేయించు శ్రద్ధ మరుగుదొడ్లపై కనబడుట అరుదు.

2015కు పండ్రెండేండ్లు 2027తో నిండును. రాజమహేంద్రవరమున కెదుట, ఆవలి యొడ్డున, కొవ్వూరు గోష్పాద క్షేత్రము కలదు. ఎగువన బాసర, ధర్మపురి, భద్రాచలము, దిగువన అంతర్వేది. ఇంట వృద్ధులున్నవారు తొలినాటి ముహూర్తమును విడిచి, అయిదవనాడో ఆరవనాడో, ఎండ తగ్గిన వేళ, వీనిలో తమకు దగ్గరి రేవునకు వారిని తోడ్కొనిపోవచ్చును.