కథలోకి నడిచే ఆట

పొద్దు గూకింది. తనకల్లు మండలంలో ఒక చిన్న పల్లె అనుకుందాం. శనక్కాయ చేనులో కలుపు తీసి తల్లి ఇంటికి వచ్చింది. సంగటి కెలికింది. అందరూ తిన్నారు. అవ్వ వాకిట్లో చాప పరిచింది. తొమ్మిదేళ్ళ పాప, ఆరేళ్ళ అబ్బోడు సెల్‌ఫోను కోసం కొట్లాడుతున్నారు.

తల్లి ఫోను తీసి గూట్లో పెట్టింది. గుప్పెడు చింతపిక్కలు తెచ్చింది. పలక తెచ్చింది. చాప మీద కూర్చుంది.

"ఒక కథ చెబుతా. ఇది ఊరికే వినే కథ కాదు. ఈ కథలో మీరే ఉంటారు" అంది.

పిల్లలు దగ్గరికి జరిగారు.

"పెద్ద మర్రిమాను. చీకటి పడింది. మీ మేకపిల్ల కనపడలేదు. ఊడల నడుమ నుంచి 'మే' అని అరుపు వినపడింది. ఇప్పుడు నువ్వేం చేస్తావు పాపా?"

పాప ఆలోచించింది. "ఊడ పట్టుకోని పైకెక్కి చూస్తా" అంది.

"నువ్వేం చేస్తావు నాయనా?"

"నేను ఆడికి పోను. నాకు భయం" అన్నాడు అబ్బోడు.

తల్లి కసురుకోలేదు. "సరే, నీకు భయం. భయమైనప్పుడు ఏం చేయొచ్చు?" అని అడిగింది.

అబ్బోడు అవ్వ వైపు చూశాడు. "అవ్వను తోడు పిలుచుకుంటా" అన్నాడు.

అవ్వ నవ్వింది. "పదరా, కట్టె తీసుకోనొస్తా" అంది. అవ్వ కూడా కథలోకి వచ్చేసింది.

ఇదే కథ ఆట.

ఇది ఏం ఆట?

మామూలు కథలో ఒకరు చెబుతారు. మిగిలినవాళ్ళు వింటారు. కథ ఎట్లా నడవాలో చెప్పేవాళ్ళకే తెలుసు.

కథ ఆట అట్లా కాదు. ఒకరు కథ మొదలు పెడతారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరు కథలో ఒక మనిషి అవుతారు. కథ చెప్పేవాళ్ళు కొంత దూరం పోయి ఆగుతారు. "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడుగుతారు. పిల్లలు చెప్పిన దాన్ని బట్టి కథ ముందుకు పోతుంది. పని అవుతుందో కాదో తెలియకపోతే పిక్కలు వేసి చూస్తారు.

ఇందులో ఒకరు గెలవడం, ఒకరు ఓడడం లేదు. అందరూ ఒక జట్టు. మేకపిల్ల దొరికితే అందరికీ దొరికినట్టే.

ఇటువంటి ఆటను 1974లో అమెరికాలో మొదటిసారి పెట్టెలో పెట్టి అమ్మారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని తయారు చేశారు. దాని పేరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్. అందులో రకరకాల పాచికలు ఉంటాయి. ఒక పాచికకు 20 ముఖాలు ఉంటాయి. ఇప్పుడు ఎన్నో దేశాల్లో తల్లిదండ్రులు పిల్లలతో కలిసి బల్ల చుట్టూ కూర్చొని ఇటువంటి ఆటలు ఆడుతున్నారు.

మనకు ఆ పెట్టె అక్కరలేదు. బల్ల కూడా అక్కరలేదు. చాప చాలు.

మనకు కొత్తదా?

పేరు కొత్తది. ఆటలోని సంగతులు పాతవే.

చిన్నప్పుడు గుజ్జనగూళ్ళు ఆడనివాళ్ళు ఎవరు? ఇసుక అన్నం అవుతుంది. ఆకు విస్తరి అవుతుంది. ఒక పిల్ల అమ్మ, ఒక పిల్ల అత్త, ఒకడు చుట్టం. బొమ్మల పెళ్ళిలో సగం మంది ఆడపిల్ల వైపు, సగం మంది మగపిల్లవాడి వైపు. ఇదంతా వేరే మనిషిగా మారి ఆడే ఆటే.

పులి-మేక ఆటలో సాధారణంగా 3 పులులు, 15 మేకలు ఉంటాయి. పులి పక్షం వాళ్ళు పులిలా ఆలోచించాలి. మేక పక్షం వాళ్ళు మేకల మందను కాపాడుకోవాలి. బారాకట్టలో గవ్వలు, పిక్కలు వేసి ఎన్ని అడుగులు నడవాలో చూస్తారు.

ధర్మవరం మండలంలో నిమ్మలకుంట ఉంది. అక్కడ తోలుబొమ్మల కళాకారుల కుటుంబాలు ఉన్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో ఒకే మనిషి తెర వెనుక నిలబడి రాముడి గొంతుతో మాట్లాడతాడు, హనుమంతుడి గొంతుతోనూ మాట్లాడతాడు. బంగారక్క వచ్చి నవ్విస్తుంది. కథ చెప్పే తల్లి కూడా అంతే. ఒకసారి మేకపిల్ల గొంతు, ఒకసారి ముసలి కోతి గొంతు.

గుజ్జనగూళ్ళ నటన, బారాకట్ట పిక్కలు, తోలుబొమ్మల కథ. ఈ మూడూ కలిస్తే కథ ఆట.

ఏమేం కావాలి?

నాలుగైదు చింతపిక్కలు. ఒక్కో పిక్కను బండ మీద ఒక పక్క తెల్లగా అరగదీయాలి. పిక్కలు లేకపోతే గవ్వలైనా సరే. ఒక పలక, బలపం. అరగంట తీరిక. డబ్బు ఖర్చు లేదు.

ఒక జాగ్రత్త. మూడేళ్ళ లోపు పిల్లలు పిక్కల్ని నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికి వస్తుంది. ఆట అయిపోగానే పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో వేసి పైన పెట్టాలి.

ఎట్లా ఆడాలి?

1. ఆడేవాళ్ళు ఒక్కొక్కరు కథలో ఎవరుగా ఉంటారో చెప్పాలి. గొర్రెల కాపరి, బస్సు కండక్టరు, నర్సు, మాట్లాడే చిలుక. ఏదైనా సరే.

2. పలక మీద నాలుగు సంగతులు రాయాలి. పేరు. బాగా వచ్చిన పని. భయం. చేతిలో ఉన్న వస్తువు. ఆ ఇంట్లో పాప ఇట్లా రాసింది: పేరు - చిలకమ్మ. వచ్చిన పని - చెట్టెక్కడం. భయం - పాము. వస్తువు - తాడు.

3. తల్లి కథ మొదలు పెట్టాలి. పిల్లలు చూసిన చోటు అయితే మంచిది. కదిరి దగ్గర గూటిబైలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. సుమారు 5 ఎకరాల మేర ఆ చెట్టు పరచుకుంది. 1989లో అది గిన్నిస్ రికార్డుల పుస్తకంలోకి ఎక్కింది. ఆ ఊడల నడుమ ఎన్ని కథలైనా దాగి ఉంటాయి. సంత, చెరువుగట్టు, బస్టాండు కూడా బాగుంటాయి.

4. ఒక చిక్కు పెట్టాలి. ఏదో పోయింది. ఎవరో దారి తప్పారు. బావిలో ఏదో వెలుగుతోంది. అక్కడ ఆగి "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని వరుసగా అందరినీ అడగాలి.

5. తేలిక పని అయితే పిక్కలు వేయనక్కరలేదు. నడవడానికి, మాట్లాడడానికి పిక్కలు ఎందుకు? కష్టమైన పని అయితే 4 పిక్కలు వేయాలి. తెల్ల పక్క పైకి పడినవి లెక్కపెట్టాలి.

మూడు గానీ నాలుగు గానీ తెల్లవి పడితే పని అయినట్టే.

రెండు పడితే పని అవుతుంది, కానీ ఏదో ఒక తిప్పలు వస్తుంది. మేకపిల్ల దొరికింది, తాడు తెగింది.

ఒకటి పడినా, ఒక్కటీ పడకపోయినా ఆ పని కాలేదు. ఇంకో దారి వెతకాలి.

6. పలక మీద రాసుకున్న "వచ్చిన పని" చేసేటప్పుడు ఒక పిక్క ఎక్కువ వేయాలి. అంటే 5 పిక్కలు. చిలకమ్మ చెట్టు ఎక్కితే 5 వేస్తుంది. ఈదితే 4 వేస్తుంది.

లెక్క ఏమిటి?

పిక్కకు రెండు పక్కలు. 4 పిక్కలు కలిసి 16 రకాలుగా పడగలవు. అందులో 5 రకాల్లో పని అవుతుంది. 6 రకాల్లో తిప్పలతో అవుతుంది. 5 రకాల్లో కాదు. అంటే మూడింటికీ దాదాపు సమాన అవకాశం.

5 పిక్కలు వేస్తే, మూడు గానీ అంతకు ఎక్కువ గానీ తెల్లవి పడే అవకాశం సగానికి సగం. వచ్చిన పనిలో మనిషికి ఎక్కువ బలం ఉంటుందని పిల్లలకు చేతితోనే తెలుస్తుంది. అరగదీసిన పిక్కలు అన్నీ ఒకే తీరుగా ఉండవు కాబట్టి లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది.

ఇది జూదం కాదా?

పిక్కలు చూస్తే పెద్దవాళ్ళకు ఈ అనుమానం వస్తుంది. రావడం న్యాయమే. పాచికలాడి ధర్మరాజు రాజ్యం పోగొట్టుకున్నాడు. తమ్ముళ్ళను ఒడ్డాడు. ద్రౌపదిని కూడా ఒడ్డాడు.

అక్కడ కీడు చేసింది పందెం. కథ ఆటలో పందెం లేదు. పైసా పెట్టేది లేదు, పోయేది లేదు. పిక్కలు కథ మలుపు తిరగడానికి మాత్రమే. ఎవరైనా డబ్బు పెడదామంటే అక్కడే ఆట ఆపేయాలి.

కథ చెప్పేవాళ్ళు గుర్తు పెట్టుకోవలసినవి

పిల్లల బదులు తల్లి జవాబు చెప్పకూడదు. పిల్లలు ఆలోచించేదాకా ఓపిక పట్టాలి.

"అట్ల కాదు, తప్పు" అనకూడదు. "అట్ల చేస్తే ఏమైతుందో చూద్దాం" అనాలి.

పెద్దపిల్లలు గబగబా మాట్లాడతారు. చిన్నవాళ్ళు వెనకబడతారు. అందుకే వరుస తప్పకూడదు. మాట్లాడని పిల్లను ముందు అడగాలి.

కథలో పిల్లల మనిషి చచ్చిపోకూడదు. పని కాకపోతే కథ ఆగిపోకూడదు. ఒక దారి మూస్తే ఇంకో దారి తెరవాలి.

నాలుగైదేళ్ళ పిల్లలకు పావుగంట చాలు. వాళ్ళకు లెక్కలు వద్దు. ఒక్క పిక్క వేసి తెలుపా నలుపా చూస్తే చాలు. ఏడెనిమిదేళ్ళ నుంచి పూర్తి ఆట ఆడొచ్చు. నిద్రపోయే ముందు దయ్యాల కథలు వద్దు.

ఆడపిల్ల వంట చేసే మనిషిగానే ఉండాలని లేదు. కాపరి కావచ్చు, కలెక్టరు కావచ్చు. మగపిల్లవాడు అమ్మ కావచ్చు. గంజి కాచొచ్చు. పాపను జోకొట్టొచ్చు.

బెంగళూరుకు పనికి పోయిన నాన్న పండగకు వస్తే ఆయనకూ ఒక పాత్ర ఇవ్వాలి. పిల్లలు ఆయనకు ఆట నేర్పించాలి.

ఇందువల్ల మేలు ఏమిటి?

ఫోనులో ఆట కూడా ఆటే. కానీ అందులోని దారులన్నీ ఎక్కడో ఎవరో ముందే వేసి పెట్టినవి. కథ ఆటలో దారి పిల్లలే వేయాలి. "నువ్వేం చేస్తావు?" అని అడిగితే ఆలోచించాలి. ఆలోచించింది నోటితో చెప్పాలి. పక్కవాళ్ళు చెప్పేది వినాలి. కూడడం వస్తుంది. వరుస పాటించడం వస్తుంది. అనుకున్నది కాకపోతే ఏడవకుండా ఇంకో దారి వెతకడం వస్తుంది.

గుజరాత్‌లో గిజూభాయి అనే గురువు ఉండేవాడు. ఆయన 1920లో భావనగర్‌లో చిన్నపిల్లల బడి నడిపాడు. కొట్టకుండా, తిట్టకుండా, కథలతో ఆటలతో చదువు చెప్పాడు. కథ అంటే పిల్లలు చెవి పెడతారని ఆయనకు తెలుసు.

ఇంకో సంగతి. పిల్లలు నేరుగా చెప్పలేని మాట కథలో చెబుతారు. "చిలకమ్మకు ఆ దారిలో పోవాలంటే భయం" అని పాప మళ్ళీ మళ్ళీ అంటే, ఆట అయ్యాక తల్లి మెల్లగా అడగాలి. "నీకు కూడా భయమా? యాడ? ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అని. కోప్పడకుండా వినాలి. పిల్లలకు ఆపద ఉందని తెలిస్తే 1098 నంబరుకు ఫోను చేయొచ్చు. పైసా ఖర్చు కాదు.

ఆట పిల్లల హక్కు. 1989లో ఐక్యరాజ్యసమితి పిల్లల హక్కుల ఒప్పందం చేసింది. ఆడుకునే హక్కు పిల్లలందరికీ ఉందని అందులో రాశారు. 1992లో మన దేశం కూడా ఆ ఒప్పందంలో చేరింది. అందరికీ అంటే ఆడపిల్లలకు కూడా. అన్న ఆడుతుంటే చెల్లెలు అంట్లు తోముతూ ఉంటే ఆ హక్కు సగమే దక్కినట్టు. పని ఇద్దరూ చేసుకుంటే ఆటకు ఇద్దరూ వస్తారు.

తల్లికి కూడా ఒక మేలు ఉంది. నేర్చుకున్న అక్షరాలు వాడకపోతే మరుపున పడతాయి. ఈ ఆటలో రోజూ పలక మీద నాలుగు మాటలు రాయాలి, చదవాలి. ఎవరూ పరీక్ష పెట్టరు. తప్పు రాస్తే చెరిపి మళ్ళీ రాయొచ్చు.

ఆ ఇంట్లో ఏమైంది?

చిలకమ్మ ఊడ ఎక్కడానికి 5 పిక్కలు వేసింది. రెండే తెల్లవి పడ్డాయి. పైకి ఎక్కింది, కానీ తాడు జారి కింద పడింది. "అవ్వా, కట్టెతో తాడు అందియ్యి!" అని అబ్బోడు అరిచాడు. అవ్వ అందించింది. మేకపిల్ల దొరికింది. అది ఊరికే తప్పిపోలేదంట. ఊడల్లో ఇరుక్కున్న ఒక చిన్న పిట్ట కోసం అక్కడే నిలబడిందంట. ఆ మాట చెప్పింది తల్లి కాదు. అందాకా భయపడిన అబ్బోడే.

పడుకునే ముందు పాప పలక చెరిపింది. "రేపు నేను కథ చెబుతా. నువ్వు లోపలికి రా అమ్మా. నీ పేరు రాయి" అని పలక తల్లి చేతికిచ్చింది.

తల్లి తన పేరు రాసింది. దాని కింద 'వచ్చిన పని' అని రాసి ఆగింది. కలుపు తీయడం వచ్చు. సంగటి కెలకడం వచ్చు. కొంతసేపు ఆలోచించింది. తర్వాత మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది.

'చదవడం.'

"అయితే రేపు నీకు ఐదు పిక్కలు" అంది పాప.

మాట్లాడుకోండి - చేసి చూడండి

1. మీరు చిన్నప్పుడు ఏ ఆటలు ఆడారు? అందులో మీరు ఎవరుగా ఉండేవాళ్ళు?

2. మీ ఇంట్లో ఆడపిల్లకు, మగపిల్లవాడికి ఆడుకునే సమయం సమానంగా ఉందా?

3. మీ ఊరి చెరువు దగ్గర మొదలయ్యే ఒక కథ ఆలోచించండి. ఎక్కడ ఆగి "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడుగుతారు?

4. పలక మీద మీ పేరు రాయండి. దాని కింద మీకు బాగా వచ్చిన పని రాయండి.