పన్నెండేళ్ల పిల్ల, ఏడేళ్ల చదువరి

ఢిల్లీ బడులకి వేసవి సెలవులు మే రెండో వారంలో మొదలై జూన్ నెలాఖరుదాకా సాగుతాయి. నోయిడాలో ఇంకో వారం పది రోజులు వెనక. గుర్‌గావ్, ఫరీదాబాద్ పిల్లలకి హర్యానా లెక్క, అంటే చాలా బడుల్లో జూన్ 1 నుంచి 30 వరకే. మన తెలుగు ఊళ్లలో చూస్తే ఏప్రిల్ నాలుగో వారానికే బడులు మూసేసి, జూన్ 12 ప్రాంతంలో మళ్లీ తెరుస్తారు. పెద్దవాళ్లకి ఈ తేడా రైలు టికెట్ల గొడవగానే కనిపిస్తుంది. పిల్లల గొడవ వేరు. ఏ.పి. ఎక్స్‌ప్రెస్సో తెలంగాణ ఎక్స్‌ప్రెస్సో దిగి అమ్మమ్మగారింటికి చేరి, మామయ్య పిల్లలతో ఆట కుదురుకునే వేళకి వాళ్లు కొత్త యూనిఫాం తొడుక్కుని బడిబస్సెక్కేస్తారు. మన ఢిల్లీ పిల్లలు అరుగు మీద మిగిలిపోతారు. సెలవులింకా రెండు వారాలకి పైగా ఉంటాయి. మృగశిర వచ్చినా ఎండ తగ్గదు. కరెంటుంటే టీవీ, సిగ్నలుంటే ఫోను.

ఆ ఖాళీ మధ్యాహ్నాల్లో మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల చేతికి ఏ పుస్తకం ఇవ్వాలన్నదే ఈ వ్యాసం.

అట్ట వెనక అంకె

పిల్లల పుస్తకాల అట్ట వెనక ‘10–12 ఏళ్ల వారికి’ అని వేస్తుంటారు. ఢిల్లీ తెలుగింటి పిల్ల విషయంలో ఆ అంకె దారి తప్పిస్తుంది. ఏడో తరగతి పిల్లని తీసుకోండి. ఇంగ్లీషులో హ్యారీ పోటర్ లావుపాటి పుస్తకాన్ని నాలుగు రోజుల్లో ముగిస్తుంది. హిందీ బడిలో ఎలాగూ తప్పదు. తెలుగు ఇంట్లో గడగడా మాట్లాడుతుంది, అమ్మమ్మ ఫోనులో చెప్పే కబుర్లన్నీ అర్థమవుతాయి. అదే తెలుగు కాగితం మీద కనిపిస్తే కూడబలుక్కుంటుంది. ఒత్తు దగ్గర ఆగుతుంది. ‘క్ష్మ’ని ‘లక్ష్మి’లో తప్ప ఇంకెక్కడా గుర్తుపట్టదు. బుర్రకి పన్నెండేళ్లు, తెలుగు అక్షరానికి ఏడేళ్లు.

ఏడేళ్లవాళ్ల పుస్తకం ఇస్తే కాకి, కుండ, గులకరాళ్లు చూసి తనని చిన్నపిల్లని చేశారని మూతి ముడుచుకుంటుంది. పన్నెండేళ్లవాళ్ల పుస్తకం ఇస్తే రెండో పేజీ దాటదు. ఏదిచ్చినా అది చేరేది అల్మారాలోకే. ఆ తర్వాత మనం పెళ్లిళ్లలో, పేరంటాల్లో “మా పిల్లకి తెలుగు పుస్తకాలంటే ఇష్టం లేదండీ” అని చెప్పేస్తుంటాం. దానికి ఇష్టం లేకపోవడం కాదు, దాని రెండు వయసులకీ సరిపోయే పుస్తకం మనం వెతకలేదు.

రాజధానిలో ఈ బెంగ పాతదే. చిన్నతనంలోనే ఆడవాళ్లకి హిందీ బడి నడిపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, ఢిల్లీకి వచ్చాక 1948లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీకి పునాది వేశారు. ఉద్యోగాల మీద ఇక్కడికి వచ్చిన తెలుగు కుటుంబాల పిల్లల చదువే దాని లక్ష్యం. ఐ.టి.ఓ. దగ్గర, ప్రసాద్ నగర్‌లో, జనక్‌పురిలో ఆ బడులు ఈనాటికీ ఉన్నాయి. అక్కడ చదివినవాళ్లకి అక్షరం సమస్య కాదు. అయితే మన జనం ఇప్పుడు ఇందిరాపురం, గ్రేటర్ నోయిడా, సోహ్నా రోడ్డుదాకా పరుచుకున్నారు. దగ్గర్లో ఉన్న బడిలో మూడో భాషంటే సంస్కృతమో ఫ్రెంచో. తెలుగు అక్షరం పూర్తిగా ఇంటి బాధ్యత అయింది.

చెవి వయసు

ఈ పిల్లలకి ఒక ఆస్తి ఉంది. కన్ను వెనకబడినా చెవి వెనకబడలేదు. పుస్తకం ఎంచేటప్పుడు మనం పట్టుకోవలసిన కొస అదే.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి పైకి చదవమనండి. అక్షరం దగ్గర ఎన్నిసార్లు ఆగిందో, మాట తెలియక ఎన్నిసార్లు ఆగిందో విడివిడిగా లెక్కపెట్టండి. తర్వాత అదే పేజీ మీరు చదివి వినిపించండి. తను చదివినప్పుడు తడబడినా మీరు చదివినప్పుడు నవ్వాల్సిన చోట నవ్విందంటే పుస్తకం సరైనదే, పక్కన మనిషి ఉంటే చాలు. అక్షరాలు టకటకా చదివేసి “అంటే ఏంటి?” అని అడిగిందంటే ఆ పుస్తకంలో గ్రాంథికం వాసన ఉందన్నమాట. మన లిపిలో పలికినట్టే రాస్తాం కాబట్టి అర్థం కాకపోయినా చదివేయొచ్చు, చదువుతోంది కదా అని మనం మోసపోవచ్చు. రెండూ కుదరకపోతే వచ్చే ఏడాదికి దాచండి.

అచ్చు కూడా చూడండి. తెలుగులో ఒత్తులు గీత కింద వేలాడతాయి. వరసకీ వరసకీ మధ్య చోటు లేకపోతే కొత్త చదువరికి పై వరస ఒత్తు, కింది వరస గుడి ఒకదాన్నొకటి తన్నుకుంటాయి. పెద్ద అచ్చు, నాలుగైదు పేజీల్లో ముగిసే అధ్యాయం, మధ్యలో బొమ్మ, ఈ మూడూ ఉంటే సగం పని అయినట్టే.

ఇష్టం నుంచి దారి

పిల్ల ఇప్పటికే ఇష్టపడి చదువుతున్నదాన్ని తక్కువ చేయకండి. అక్కణ్నుంచే దారి వేయాలి.

‘డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్’ చేతిలో ఉన్న పిల్లవాడికి ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ చూపించండి. పిల్లవాడే తన గొప్పలు తను చెప్పుకోవడం, పక్కనే గీతల బొమ్మలు, పెద్దవాళ్లంతా వాడి కంట తేలిపోవడం రెండింటిలోనూ ఉన్నాయి. అమెరికా పిల్లవాడు 2007లో పుస్తకమై వచ్చాడు. మన బుడుగు బాపు గీతల్లో అంతకి అర్ధశతాబ్దం ముందే వారపత్రికలో అల్లరి చేశాడు. బుడుగు మాటలు కంటితో చదివితే కష్టం, పైకి చదివితే పకపకా నవ్వు. మొదటి నాలుగు అధ్యాయాలు మీరే చదివి వినిపించండి. ఐదోది వాడే లాక్కుంటాడు.

మంత్రదండాల పిల్లకి దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లున్నాయి. 1947 జూలైలో మొదలైన చందమామకి 1950ల నుంచి రెండు దశాబ్దాలకి పైగా ‘తోకచుక్క’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ వంటివి ఆయన రాశారు. నెలనెలా రావలసినవి కాబట్టి ప్రతి భాగమూ ప్రాణం మీదికి వచ్చిన చోటే ఆగుతుంది. వాక్యం చిన్నది, మాట తేలిక. కొడవటిగంటి కుటుంబరావు చేతిలో దిద్దుకున్న చందమామ తెలుగు అంతకన్నా బరువు మోయదు. ఇంకో సౌకర్యం ఏమిటంటే హిందీ చందమామ కూడా 1949 నుంచే ఉంది. పాత సంచికలు రెండు భాషల్లోనూ దొరికితే, తెలుగులో చిక్కుపడిన పేజీని హిందీలో విప్పుకోవచ్చు.

రైలులోకి నా ఎంపిక ‘రైలుబడి’. జపాన్ రచయిత్రి టెట్సుకో కురొయనాగి 1981లో తన చిన్ననాటి బడి గురించి రాసిన ‘టోటో-చాన్’కి అది తెలుగు రూపం. మొదటి బడి వద్దని పంపేసిన అల్లరి పిల్ల, పాత రైలుపెట్టెల్లో తరగతులు నడిచే బడిలో చేరడం కథ. కదిలే పెట్టెలో కూర్చుని కదలని పెట్టెల బడి గురించి చదవడం బాగుంటుంది. దీన్ని హిందీలో నేషనల్ బుక్ ట్రస్ట్ వేసింది, ఇంగ్లీషులోనూ ఉంది. ఆగ్రాదాకా ఇంగ్లీషు, నాగ్‌పూర్‌దాకా హిందీ, బల్హార్షా దాటాక తెలుగు అని ఇంట్లో పందెం వేసుకోవచ్చు. కథ ముందే తెలిసి ఉంటుంది కాబట్టి తెలుగు అక్షరం భయపెట్టదు.

ఇక, వెళ్లే ఊరి యాసలో ఒక పుస్తకం. సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’ చెల్లెళ్లున్న ఆడపిల్ల చెప్పే చిన్ననాటి ముచ్చట్లు. ఈ వయసు ఆడపిల్లలకి అంతకన్నా దగ్గరి పుస్తకం నాకు తట్టదు. నెల్లూరు వైపు వెళ్లేవాళ్లు మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ పట్టుకెళ్లండి. చిత్తూరైతే నామిని కథలు, పాలమూరైతే పాకాల యశోదారెడ్డి ‘మా వూరి ముచ్చట్లు’. చివరి రెండూ పిల్లల కోసం రాసినవి కావు. పెద్దలు ముందు చదివి, ఏ కథ ఇవ్వాలో ఏరుకోవాలి. అలా ఏరిన ఒక్క కథ చాలు, వీధిలో వినే మాట పుస్తకంలో కూడా ఉంటుందని పిల్లకి తెలియడానికి.

పెద్ద పుస్తకం పట్టనివాళ్లకి జంట కథలు పెట్టండి. చాసో ‘ఎందుకు పారేస్తాను నాన్నా’లో కృష్ణుడు చదువుకోవాలని ఉన్నా డబ్బుల్లేక బడికి దూరమైన పిల్లవాడు, నాన్న చుట్టల కోసం బజారుకి పంపితే బడి ముందు నుంచి నడవాల్సివచ్చినవాడు. ప్రేమ్‌చంద్ ‘ఈద్గాహ్’లో హామిద్ మూడు పైసలతో తిరనాళ్లకి వెళ్లి, మిఠాయీ బొమ్మా మానుకుని, రొట్టెలు కాలుస్తూ వేళ్లు కాల్చుకునే నానమ్మ కోసం పట్టకారు కొన్నవాడు. ఒకటి తెలుగులో, ఒకటి హిందీలో, ఒకే మధ్యాహ్నం.

‘ఎందుకు, ఎలా’ అని వేధించే పిల్లలకి మహీధర నళినీమోహన్. ఆయన మన ఢిల్లీవారే, నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ శాస్త్రవేత్త. ‘కాలెండర్ కథ’, ‘పిడుగు దేవర కథ’ వంటి పుస్తకాల్లో సైన్సుని పక్కింటి బాబాయి కబుర్లలా చెప్పారు. పూసా రోడ్డు మీదుగా వెళ్లేటప్పుడు “ఇది రాసినాయన పనిచేసిన చోటు ఈ పక్కనే” అని చూపించగలగడం మన పిల్లలకి మాత్రమే దక్కిన భాగ్యం.

ఎక్కడ వెతకాలి

మండీ హౌస్ దగ్గర రవీంద్ర భవన్‌లో సాహిత్య అకాడెమీ ఉంది. 24 భాషల్లో పనిచేసే సంస్థ కాబట్టి దాని గ్రంథాలయంలో తెలుగు అరలు కూడా కనిపిస్తాయి. అకాడెమీ 2010 నుంచి ఏటా ఈ భాషల్లో ఇస్తున్న బాల సాహిత్య పురస్కారాల జాబితా ఎంపికకి ఒక ఆధారం. తెలుగులో మొదటి ఏడాది కలువకొలను సదానంద నవల ‘అడవి తల్లి’కి, 2024లో పి. చంద్రశేఖర ఆజాద్ నవల ‘మాయాలోకం’కి ఆ గౌరవం దక్కింది. వసంత్ కుంజ్‌లో నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాల దుకాణం ఉంది. వారి నెహ్రూ బాల పుస్తకాలయం వరసలో ఒకే కథ, అవే బొమ్మలతో పలు భాషల్లో వస్తుంది.

బహదూర్ షా జఫర్ మార్గ్‌లో, కార్టూనిస్ట్ శంకర్ 1957లో స్థాపించిన చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ భవనంలో పిల్లల గ్రంథాలయం, బొమ్మల మ్యూజియం ఒకే కప్పు కింద ఉన్నాయి. మే ఎండలో ఒక పూట అక్కడ గడిచిపోతుంది. ఇంగ్లీషు పుస్తకాలకి ఆదివారం సంత ఉంది. దర్యాగంజ్ ఫుట్‌పాత్‌ల నుంచి 2019లో ఆసఫ్ అలీ రోడ్డు మీది మహిళా హాట్‌కి మారింది. అక్కడ పిల్లల్ని వదిలి, వంద రూపాయలిచ్చి, ఏం కొన్నా సరేనని మాటివ్వండి.

కొన్ని తెలుగు పుస్తకాలు ఊరికి వెళ్లాకే కొనాలి. హైదరాబాద్‌లో కాచిగూడ నవోదయ, విజయవాడలో ఏలూరు రోడ్డు దుకాణాలు మనకి తెలిసినవే. పిల్లల కోసమే పనిచేసే మంచి పుస్తకం ప్రచురణలు తప్పక అడగండి. అమెరికా తెలుగువారి తానాతో కలిసి ఈ వయసు పిల్లల కోసం వాళ్లు వేసిన కొత్త నవలల్లో ఇప్పటి బడులు, ఇప్పటి పిల్లలు కనిపిస్తారు. ఫోనే గతి అనుకున్న రోజున ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో నాలుగు మెట్లుగా విడదీసిన కథలు తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఉచితంగా దొరుకుతాయి. 2024లో వచ్చిన రాష్ట్రీయ ఇ-పుస్తకాలయంలో 11–14 ఏళ్లవారికి వేరే విభాగమే ఉంది. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ‘కొత్తపల్లి’ పిల్లల పత్రిక కథలు కూడా నెట్‌లో చదువుకోవచ్చు.

హోంవర్కు చేయకండి

ఢిల్లీ బడులు సెలవులకి కూడా హాలిడే హోంవర్కు పేరిట చార్టులు, ప్రాజెక్టులు అంటగడతాయి. మనమిచ్చే పుస్తకం ఆ మూటలో ఇంకో రాయి కాకూడదు. కథ సారాంశం రాయమనవద్దు. “దీనివల్ల ఏం నీతి తెలుసుకున్నావు?” అని అడగొద్దు. అడగాలనిపిస్తే “తర్వాతేమైంది?” అని అడగండి. సగంలో వదిలేస్తే వదిలేయనివ్వండి. పెద్దవాళ్లం మనం కొన్న పుస్తకాల్లో ఎన్ని చివరిదాకా చదివామో మనకి తెలుసు. సెలవులకి మూడు చాలు. ఒకటి పిల్ల ఏరుకున్నది, ఒకటి మీరు ఏరినది, ఒకటి ఊళ్లో దొరికినది.

ఇప్పుడు మళ్లీ జూన్ 12 తర్వాతి ఆ మధ్యాహ్నానికి వద్దాం. మామయ్య పిల్లలు బడికి వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది ఇద్దరే. శుక్లాలొచ్చిన అమ్మమ్మకి అచ్చు కనబడదు గానీ ప్రతి మాటా తెలుసు. మనవరాలికి ప్రతి అక్షరమూ కనబడుతుంది గానీ పుస్తకంలోని కొన్ని మాటలు తెలియవు. చిన్నది కూడబలుక్కుంటూ ఒక్కో వాక్యం చదువుతుంటే పెద్దావిడ మంచం మీంచి మాట అందిస్తుంది, మధ్యలో తన కథ ఒకటి దూరుస్తుంది. పుస్తకం పది పేజీలే సాగుతుంది. ఆ పది పేజీలకీ ఇద్దరూ కలిసి ఒక నిండు చదువరి అవుతారు. అందుకే పుస్తకం కొనేముందు, ఆ పూట అది చదివేటప్పుడు పిల్ల పక్కన ఎవరు కూర్చుంటారో అనుకుని కొనండి.