బెడ్‌రూమ్ హోమ్ థియేటర్: టీవీ, డిస్క్ ప్లేయర్ సెలక్షన్ మంచం దగ్గర నుంచి మొదలెట్టండి

మా నాన్న వైజాగ్ స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యారు. ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో ఫ్లాట్‌కి మారిన రోజు సామానంతా లారీలో వేసి, ఒక్క అట్టపెట్టె మాత్రం ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నారు. అందులో ఉన్నవి సినిమా డిస్కులు. ఒకప్పుడు ఆఫ్ దొరికితే స్కూటర్ మీద జగదాంబకి సెకండ్ షోకి వెళ్లిపోయే మనిషి. ఇప్పుడు మోకాళ్లు మెట్లెక్కనివ్వడం లేదు. అందుకే నాకు బోనస్ రాగానే ఆయన బెడ్‌రూమ్‌లోనే ఒక చిన్న హోమ్ థియేటర్ పెట్టాలని డిసైడ్ అయ్యాను. బడ్జెట్ 90 వేలు.

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కదా, ముందు ఎక్సెల్ షీట్ తీశాను. నిట్స్, హెర్ట్జ్, పోర్టులు, అన్నీ కాలమ్స్ పెట్టాను. ఆ ఊపులో సేల్‌లో పెద్ద సబ్‌ వూఫర్ ఉన్న 2.1 సౌండ్‌బార్ కొనేసి పాత 32 అంగుళాల టీవీకి తగిలించాను. నాన్న పావుగంట చూసి రిమోట్ పక్కన పెట్టేశారు. "మాట ఇనబడదు గానీ బాంబు పేలితే మంచం ఊగుతోందిరా" అన్నారు.

అప్పుడు బుర్ర వెలిగింది. రోలింగ్ మిల్లు మోతలో అన్నేళ్లు పనిచేసిన చెవులవి. కొన్నాళ్లుగా ఆయన సినిమా చూడటం లేదు, మా కోసం కూర్చుని తలూపుతున్నారంతే. నేనేమో నాకు నచ్చే సెటప్ కొంటున్నాను. షీట్ డిలీట్ చేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను: ఎవరు చూస్తారు, ఎక్కడి నుంచి చూస్తారు, ఏం చూస్తారు? ఈ మూడు ప్రశ్నలకి జవాబు దొరికితే సెలక్షన్ సగం అయిపోయినట్టే.

ముందు పెట్టె విప్పండి

మీ దగ్గర ఏ డిస్కులు ఉన్నాయో లెక్కపెట్టండి. మా లెక్క ఇది: వీసీడీలు 41, డీవీడీలు 63, బ్లూ-రేలు 9, 4కే బ్లూ-రే ఒక్కటీ లేదు.

ఈ నాలుగూ చూడటానికి ఒకేలా ఉంటాయి, లోపల మాత్రం చాలా తేడా. వీసీడీ రిజల్యూషన్ 352×288. ఒక డిస్క్‌లో గంటా పావు వీడియో మాత్రమే పడుతుంది కాబట్టే మన సినిమాలు రెండు, మూడు డిస్కుల ప్యాక్‌లుగా వచ్చేవి. డీవీడీ 720×576. బ్లూ-రే 1920×1080, వీడియో బిట్‌రేట్ సెకనుకి 40 మెగాబిట్స్ దాకా వెళ్తుంది. 4కే బ్లూ-రే 3840×2160, మూడు లేయర్ల డిస్క్ గరిష్ఠంగా 128 మెగాబిట్స్ దాకా చదివిస్తుంది. పోలిక కోసం చెప్తున్నా, 4కే స్ట్రీమింగ్‌కి నెట్‌ఫ్లిక్స్ అడిగే నెట్ స్పీడ్ 15 మెగాబిట్స్. చీకటి సీన్లలో, పొగ, వాన ఉన్న సీన్లలో ఓటీటీ బొమ్మ గళ్లు గళ్లుగా విరగడానికి, డిస్క్ బొమ్మ నిలబడటానికి ప్రధాన కారణం ఇదే. పైగా ఓటీటీలో సినిమా ఈ నెల ఒక యాప్‌లో ఉంటుంది, వచ్చే నెల ఉండదు. అట్టపెట్టెలో ఉన్నది ఎక్కడికీ పోదు.

ఆ పెట్టెలోనే మా అక్క పెళ్లి డీవీడీ కూడా ఉంది. నాన్నమ్మ తిరుగుతూ మాట్లాడుతూ కనిపించే వీడియో మాకు అదొక్కటే. ఫ్యాక్టరీలో అచ్చయిన సినిమా డిస్క్ వేరు, ఫొటో స్టూడియో వాళ్లు రైట్ చేసి ఇచ్చిన డిస్క్ వేరు. రెండోదాంట్లో డేటా రంగు పొర మీద ఉంటుంది, వేడికి, వెలుతురుకి అది పాడవుతుంది. మాది సగం దాకా వెళ్లి ఆగిపోయేది. కొత్త ప్లేయర్ సంగతి తర్వాత, అలాంటి డిస్కులు ముందు కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. మూడు వేర్వేరు డ్రైవ్‌లలో పెట్టి చూస్తే మూడోది మొత్తం చదివింది.

తర్వాత టేపు పట్టండి

నాన్న రూమ్ 10×10 అడుగులు. దిండుకి ఆనుకుని కూర్చుంటే కళ్ల నుంచి ఎదుటి గోడకి 8 అడుగులు, అంటే 96 అంగుళాలు. సినిమాకి స్క్రీన్ మన చూపులో కనీసం 30 డిగ్రీల వెడల్పు ఆక్రమించాలనేది బాగా వాడుకలో ఉన్న లెక్క. దాన్ని సింపుల్‌గా ఇలా చేసుకోవచ్చు: దూరాన్ని 1.6తో భాగించండి. 96ని 1.6తో భాగిస్తే 60 అంగుళాలు. ఇంకా థియేటర్ ఫీల్ కావాలంటే 1.2తో భాగించాలి, అప్పుడు 80 వస్తుంది.

షోరూమ్‌లో సేల్స్‌మ్యాన్ "బెడ్‌రూమ్ కదా సార్, 43 చాలు" అన్నాడు. 8 అడుగుల నుంచి 43 అంగుళాల టీవీ ఆక్రమించేది 22 డిగ్రీలే. 55 అయితే 28, 65 అయితే దాదాపు 33. బడ్జెట్ చూసుకుని నేను 55 దగ్గర ఆగాను.

ఇక్కడే ఇంకో నిజం. 8 అడుగుల నుంచి 55 అంగుళాల స్క్రీన్ మీద ఫుల్ హెచ్‌డీకి, 4కేకి పిక్సెల్స్ పరంగా తేడా మామూలు కంటికి దాదాపు తెలియదు. ఫుల్ హెచ్‌డీ పిక్సెల్స్ విడివిడిగా కనిపించాలంటే 7 అడుగుల కంటే దగ్గరికి రావాలి. కాబట్టి 4కే డిస్క్ లేదని బాధపడక్కర్లేదు. మంచి బ్లూ-రే ఆ దూరంలో బ్రహ్మాండంగా ఉంటుంది. 4కే డిస్క్‌లో మీకు కనిపించే అసలు లాభం హెచ్‌డీఆర్ వెలుగు, రంగులు.

గోడకి బిగించేటప్పుడు ఎత్తు కూడా మంచం మీద కూర్చునే కొలవండి. కళ్ల ఎత్తుకి స్క్రీన్ మధ్యభాగం కొంచెం పైన ఉంటే చాలు. మేస్త్రీ అలవాటుగా ఏసీ కింద బిగిస్తానంటాడు, ఒప్పుకోకండి. గంటకే మెడ పట్టేస్తుంది.

ప్యానెల్: చీకటి గదికి నలుపు ముఖ్యం

బెడ్‌రూమ్‌లో సినిమా అంటే రాత్రి, లైట్లు ఆపి. అక్కడ బ్రైట్‌నెస్ నంబర్ కంటే నలుపు ఎంత నల్లగా ఉందన్నదే లెక్క. ఐపీఎస్ ప్యానెల్‌ని పక్క నుంచి చూసినా రంగులు బాగుంటాయి, కానీ కాంట్రాస్ట్ సుమారు 1000:1. వీఏ ప్యానెల్‌లో ఇది 3000:1 నుంచి పైకి ఉంటుంది, పక్క నుంచి చూస్తే మాత్రం పాలిపోతుంది. మంచం మీద అందరూ ఎదురుగానే కూర్చుంటారు కాబట్టి వీఏ సరిపోతుంది. బడ్జెట్ ఉంటే ఓఎల్ఈడీని మించింది లేదు, ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెల్ ఆరిపోతుంది.

హెచ్‌డీఆర్ విషయంలో టీవీ, ప్లేయర్ ఒకే భాష మాట్లాడాలి. శామ్‌సంగ్ టీవీల్లో డాల్బీ విజన్ ఉండదు, హెచ్‌డీఆర్10 ప్లస్ ఉంటుంది. ఎల్‌జీలో దానికి రివర్స్. ఇంత మాత్రానికి కంగారు పడక్కర్లేదు, 4కే డిస్కుల్లో మామూలు హెచ్‌డీఆర్10 ఎలాగూ ఉంటుంది.

టీవీ రాగానే చేయాల్సిన పని: ఫిల్మ్‌మేకర్ మోడ్ లేదా సినిమా మోడ్ పెట్టి, మోషన్ స్మూతింగ్ ఆపేయండి. లేకపోతే పాత సినిమా కూడా డైలీ సీరియల్‌లా జారిపోతుంది. డీవీడీ, వీసీడీలకి షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. పాత 4:3 సినిమాని సాగదీయకండి, పక్కన నల్ల పట్టీలు ఉంటే ఉండనివ్వండి.

ప్లేయర్: మాయమవుతున్న వస్తువు

ఒప్పో 2018లో, ఎల్‌జీ 2024లో డిస్క్ ప్లేయర్ల నుంచి తప్పుకున్నాయి. శామ్‌సంగ్ 2019లోనే అమెరికాలో కొత్త మోడల్స్ తేవడం మానేసింది. మిగిలింది ప్రధానంగా సోనీ, పానాసోనిక్. కాబట్టి మనకున్న దారులు మూడు.

మొదటిది, 4కే ప్లేయర్. సోనీ యూబీపీ-ఎక్స్700, పానాసోనిక్ డీపీ-యూబీ820 లాంటివి. రెండింటిలోనూ డాల్బీ విజన్ ఉంది, రెండు హెచ్‌డీఎంఐ అవుట్‌లు ఉన్నాయి. 4కే డిస్కులు కొంటూ ఉండేవాళ్లకి ఇదే కరెక్ట్.

రెండోది, డిస్క్ డ్రైవ్ ఉన్న ప్లేస్టేషన్ 5. గేమ్స్ ఎలాగూ ఆడేవాళ్లకి లాభం. 4కే డిస్క్ ఆడుతుంది కానీ డాల్బీ విజన్ లేదు, ఆడియో సీడీ కూడా తీసుకోదు. పెద్దవాళ్లకి గేమ్ కంట్రోలర్ ఇచ్చి సినిమా పెట్టుకోమంటే ఏమవుతుందో మీకే తెలుసు.

మూడోది, సెకండ్ హ్యాండ్ మామూలు బ్లూ-రే ప్లేయర్. మా పెట్టెలో 4కే డిస్కే లేదు, 41 వీసీడీలు ఉన్నాయి. కాబట్టి మాకు ఇదే సరైన దారి. డాబాగార్డెన్స్ వైపు షాపులన్నీ తిరిగాను. జేబులో మూడు డిస్కులు పెట్టుకుని వెళ్లాను: ఒక వీసీడీ, ఒక డీవీడీ, ఒక బ్లూ-రే. అన్ని బ్లూ-రే ప్లేయర్లూ వీసీడీ చదవవు, ముందే వేసి చూడాలి. సినిమా మొదలు కాగానే సరే అనుకోకండి. లేజర్ లోపలి నుంచి బయటికి చదువుకుంటూ వెళ్తుంది, అందుకని చివరి చాప్టర్ కూడా పెట్టి చూడండి. నేను చూసిన మొదటి పీస్ అక్కడే చేతులెత్తేసింది.

రీజియన్ కోడ్ మర్చిపోవద్దు. ఇండియా డీవీడీకి రీజియన్ 5, బ్లూ-రేకి రీజియన్ సి. అమెరికా, జపాన్ బ్లూ-రేలకి రీజియన్ ఎ. న్యూజెర్సీ నుంచి మా అన్నయ్య పంపిన రెండు బ్లూ-రేలు అందుకే ఆడలేదు. జపాన్‌లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్' బ్లూ-రే మోజుపడి తెప్పించుకునే ఫ్యాన్స్ కూడా ఇది ముందే చూసుకోండి. 4కే డిస్కులకి ఈ గొడవ లేదు.

సౌండ్: మాట వినబడాలి

సినిమా 5.1 మిక్స్‌లో డైలాగ్ ఎక్కువగా సెంటర్ చానల్‌లో ఉంటుంది. 2.1 బార్‌లో సెంటర్ స్పీకరే లేదు, మాటలు, మ్యూజిక్, పేలుళ్లు అన్నీ కలిసిపోతాయి. అందుకే ఆ మొదటి బార్‌ని 3,500 నష్టానికి అమ్మేసి, సెంటర్ స్పీకర్ ఉన్న 3.1 బార్ తీసుకున్నాను. డబ్బులు తక్కువైతే టీవీలో తగ్గించండి, సెంటర్ స్పీకర్‌లో తగ్గించకండి.

కనెక్షన్ విషయానికొస్తే, మామూలు ఆర్క్ పోర్టు బ్లూ-రేలోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోని మోయలేదు, ఈ-ఆర్క్ మోస్తుంది. కొన్ని టీవీలు డీటీఎస్‌ని అసలు ముందుకు పంపవు. బార్‌కి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంటే ప్లేయర్‌ని నేరుగా దానికే పెట్టి, అక్కడి నుంచి టీవీకి తీసుకోండి. తలనొప్పి పోతుంది.

మూడు సెట్టింగ్స్ మా ఇంట్లో పరిస్థితి మార్చేశాయి. ఒకటి, ప్లేయర్ ఆడియో మెనూలో డైనమిక్ రేంజ్ కంట్రోల్. పేలుడు తగ్గుతుంది, మాట పైకొస్తుంది. రెండు, వీసీడీల్లో ఉన్నది రెండు చానల్సే కాబట్టి బార్‌లో సరౌండ్ మోడ్ ఆన్ చేయాలి, అప్పుడే మాట సెంటర్‌కి వెళ్తుంది. మూడు, ఏవీ సింక్. చెవి సరిగా వినబడని వాళ్లు తెలియకుండానే పెదాలు చూసి మాట పట్టుకుంటారు. సౌండ్ కొంచెం అటూ ఇటూ అయితే మనం సర్దుకుపోతాం, వాళ్లకి సినిమా పోతుంది. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, ఆయన "ఆ, ఇప్పుడు" అనేదాకా మార్చాను. అన్నట్టు ఈఎన్‌టీ డాక్టర్‌కి కూడా చూపించాం. సౌండ్‌బార్ దానికి బదులు కాదు.

వైజాగ్ గాలి

సముద్రం గాలిలో ఉప్పు, తేమ. పోర్టు దగ్గర ఉన్నవాళ్లకైతే నల్ల దుమ్ము అదనం. ప్లేయర్‌ని కిటికీ పక్కన పెట్టకండి, వాడనప్పుడు పల్చటి గుడ్డ కప్పండి, వారానికి ఒక్కసారైనా ఆన్ చేయండి. డిస్కుల పెట్టెలో సిలికా జెల్ ప్యాకెట్లు వేయండి. వారంటీ కాగితంలో తేమ, తుప్పు గురించి ఏం రాశారో కొనేముందే చదవండి.

చివరి బిల్లు

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది కలిసొచ్చింది. 55 అంగుళాల వీఏ టీవీ 52 వేలు, 3.1 బార్ 18 వేలు, పాత ప్లేయర్ 6 వేలు, వాల్ మౌంట్, కేబుళ్లు, స్టెబిలైజర్ 4 వేలు. మొత్తం 80 వేలు, మొదటి తప్పుకి పోయిన 3,500 కాకుండా.

అంతా బిగించిన రాత్రి నాన్న సినిమా పెట్టమనలేదు, పెళ్లి వీడియో పెట్టమన్నారు. బొమ్మ మసకగానే ఉంది, 55 అంగుళాల మీద ఇంకా మసక. నాన్నమ్మ ఎవరినో భోజనానికి రమ్మని కేకేస్తోంది. "అమ్మ మాట ఇనబడుతోందిరా" అన్నారు. స్పెక్ షీట్‌లో ఇలాంటి కాలమ్ ఉండదు. మీరు కొనేముందు మాత్రం ఈ కాలమ్ ఒకటి కలుపుకోండి.